లిమిట్ పెంచితే తప్పు పోదు

సంపాదకుడు గారికి,

మీ విద్యా పేజీలో కంప్యూటర్ ప్రశ్నకు ఇచ్చిన ఒక జవాబు నాకు నచ్చలేదు. పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రామ్ ‘రికర్షన్ ఎర్రర్’తో (ఫంక్షన్ తనను తాను మరీ లోతుగా పిలుచుకుంటే వచ్చేది) ఆగితే, ఆ లోతుకున్న లిమిట్ పెంచుకోమన్నారు. ఆ లిమిట్ మామూలుగా 1000. మరీ పెంచితే అసలు తప్పు అలాగే ఉండి, ఒక్కోసారి పైథానే కుప్పకూలుతుంది.

పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఇక్కడి ఒడియా పిల్లలైనా, పాతపట్నం నుంచి వచ్చే మనవాళ్లయినా మెథడ్ (ఆబ్జెక్ట్‌కు చెందిన ఫంక్షన్) తనను తాను పిలుస్తోందేమో పట్టుకోవడానికి రాసేది ఒకటే: దాని మొదట్లో ‘లోపల ఉన్నాను’ అని ఒక ఫ్లాగ్ (అవును/కాదు చెప్పే వేరియబుల్) పెట్టడం, చివర్లో తీసేయడం. మధ్యలో ఎక్సెప్షన్ (పనిని మధ్యలో ఆపేసే లోపం) వస్తే? ఫ్లాగ్ అలాగే ఉండిపోయి, తర్వాతి మామూలు కాల్‌ని కూడా రికర్షన్ అంటుంది. అందుకే ఎక్సెప్షన్ వచ్చినా నడిచే ‘ఫైనల్లీ’ భాగంలో తీయాలి. ఇంకో తిరకాసు థ్రెడ్లతో, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనులతో. ఒక్కో థ్రెడ్‌కు స్టాక్ (నడుస్తున్న కాల్స్ వరస) వేరు. ఫ్లాగ్ మాత్రం అందరికీ ఒకటే. రెండు థ్రెడ్లు ఒకేసారి వస్తే లేని రికర్షన్ కనిపిస్తుంది. జావా భాషలో అయితే ఒక్కో థ్రెడ్‌కు విడి విలువ ఉంచే థ్రెడ్‌లోకల్ వాడాలి.

పైగా చెట్టు ఆకారపు డేటాలో మెథడ్ తనను తాను పిలవడం తప్పే కాదు. అదే ఆబ్జెక్ట్ మీదికి మళ్లీ వస్తేనే చిక్కు. ఆబ్జెక్ట్‌ను అక్షరాల్లో చూపేటప్పుడు వాడే పైథాన్ లైబ్రరీలోని ‘రికర్సివ్ రెప్ర్’ ఆబ్జెక్ట్ గుర్తు, థ్రెడ్ గుర్తు రెండూ కలిపే చూస్తుంది. ఆ జంట అప్పటికే లోపల ఉంటే, మళ్లీ లోపలికి వెళ్లకుండా మూడు చుక్కలు వేసి ఊరుకుంటుంది.

పరీక్షల ముందు పిల్లలకు ఉన్న టెన్షన్ చాలు. ఆ జవాబు సవరించి వేయగలరు.

— ఒక ట్యూషన్ మాస్టారు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా