వార్షిక నివేదిక 2024–25: ప్రళయానంతర సైన్స్ ఫిక్షన్ పఠనం, ‘తనిఖీ కేంద్రం’ కార్యక్రమం

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశం ఆమోదం కోసం కార్యవర్గం తరఫున ఈ నివేదిక సమర్పిస్తున్నాను. మన పాఠక సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనుల్లోకి వస్తాను.

ఈ ఏటి అంశాన్ని దాదాపు క్యాలెండరే నిర్ణయించింది. ఆక్టేవియా బట్లర్ 1993లో అచ్చువేసిన ‘పేరబుల్ ఆఫ్ ది సోవర్’ కథ 2024 జులైలో మొదలవుతుంది. ఆ నెలలోనే దాన్ని చదువుదామన్న ప్రతిపాదనకు ఎవరూ అడ్డు చెప్పలేదు. దానితోపాటు జాన్ విండమ్ ‘ది క్రిసలిడ్స్’ (1955), వాల్టర్ ఎం. మిల్లర్ ‘ఎ కాంటికిల్ ఫర్ లీబోవిట్జ్’ (1959) తీసుకున్నాం. లోకం ఎలా కూలిందన్నది మన చర్చ కాదు. కూలిన తరువాత మిగిలిన నలుగురూ కలిసి బతకాల్సింది పోయి ఒకరినొకరు ఎందుకు వెలివేసుకుంటారు, ఆ వెలి రోజువారీ ఎలా నడుస్తుంది అన్నదే చర్చ.

బట్లర్ నవలలో లాస్ ఏంజెలెస్ దగ్గర ప్రహరీ కట్టుకుని బతికే ఒక వీధి ఉంటుంది. ఎదుటివాళ్ల నొప్పి తన ఒంట్లో తెలిసే లక్షణం కథానాయిక లారెన్‌కు పుట్టుకతో వచ్చింది, తల్లి వాడిన మందు వల్ల. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియనివ్వదు. గోడ కూలాక మగవేషంతో ఉత్తరానికి నడుస్తుంది. తెల్లా నల్లా కలిసిన జంట రోడ్డు మీద నడిస్తే రెండు వైపుల నుంచీ ప్రమాదమే. 2025 జనవరిలో ఆల్టడీనా తగలబడినప్పుడు, బట్లర్ సమాధి ఉన్న ఊరు అదే కావడంతో, మన చర్చంతా జోస్యం వైపు జారింది. పుస్తకంలోని గోడను వదిలేసి తేదీలు లెక్కపెట్టడం మొదలైంది. ఆ నెల చర్చ వృథా అయిందనే నా అభిప్రాయం.

మిల్లర్ నవలకు ఒక్క సమావేశమే ఇవ్వగలిగాం. అణు ప్రళయం తరువాత జనం చదువుకున్నవాళ్లను వెంటాడి చంపి, పుస్తకాలు తగలబెట్టి, తమను తాము ‘అమాయకులం’ అని గర్వంగా చెప్పుకునే భాగం మీదే ఎక్కువ మాటలు నడిచాయి. అందరిలాగా ఉండటం అంటే అక్కడ అందరిలాగా చదువు లేకుండా ఉండటమే.

అసలు ఏడాదంతా విండమ్‌దే. కెనడాలోని లాబ్రడార్‌లో వాక్నక్ అనే పల్లె. అక్కడ మొక్క, పశువు, మనిషి ఎలా ఉండాలో నిర్వచనం ఉంది. తేడా పడిన పంటను తగలబెడతారు. పశువునైతే తెల్లవారుజామున కీర్తనలు పాడుతూ వధిస్తారు. మనిషిలో తేడా వస్తే దాని పేరు దైవదూషణ. అలాంటివాళ్లకు పిల్లలు పుట్టకుండా చేసి సరిహద్దు అడవులకు తరిమేస్తారు. బిడ్డ పుట్టినా ఇన్‌స్పెక్టర్ వచ్చి ఏ తేడా లేదని ధ్రువపత్రం ఇచ్చేదాకా ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తరు. కథకుడు డేవిడ్ పినతల్లి తేడాతో పుట్టిన తన పసికందును దాచి, అక్క బిడ్డను ఒక్క తనిఖీ కోసం అరువడుగుతుంది. మన సభ్యులు మళ్లీ మళ్లీ చదివిన ఘట్టం అదే. అక్కడ భయం బాంబు గురించి కాదు, కాగితం గురించి. ఆరు వేళ్ల పాదం ఉన్న సోఫీ బయటపడేది కూడా రాతి మీద తడి అడుగు చూసిన తోటి పిల్లవాడి వల్ల, అధికారి తెలివితేటల వల్ల కాదు.

నేపథ్యం కోసం ఒక ప్రసంగం పెట్టాం. ఎక్స్‌రేలు పండ్ల ఈగల్లో ఉత్పరివర్తనలు (జన్యువుల్లో మార్పులు) తెస్తాయని జన్యుశాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ 1927లో చూపించడం, 1946లో ఆయనకు నోబెల్ రావడం, 1954 మార్చి 1న బికినీ దీవుల్లో పేలిన బాంబు అనుకున్నదానికి రెట్టింపు దాటి 15 మెగాటన్నులు తేలడం, ఆ బూడిద జపాన్ చేపల పడవలోని 23 మంది మీద పడటం ఇందులో వచ్చాయి. మరుసటి ఏడే విండమ్ నవల అచ్చయింది. హిరోషిమా, నాగసాకి బాధితుల పిల్లల్లో వంశపారంపర్య లోపాలు పెరిగినట్టు దశాబ్దాల పరిశీలనలో తేలలేదు. అయినా ఆ కుటుంబాలు పెళ్లి సంబంధాల్లో, ఉద్యోగాల్లో వివక్ష అనుభవించాయి. ప్రసంగించిన జీవశాస్త్రం మాస్టారు దారిఖర్చులు కూడా తీసుకోలేదు. ఆయనకు ప్రత్యేక కృతజ్ఞతలు.

ఇక మనం గర్వంగా చెప్పుకోవలసింది వాక్నక్ తనిఖీని ఆటగా మార్చి గ్రంథాలయ వారోత్సవాల్లో నడిపిన ‘తనిఖీ కేంద్రం’. వేరే ఊళ్ల పాఠక బృందాలు అడుగుతున్నందున వివరంగా రాస్తున్నాను.

అరవై కార్డులు, పోస్ట్‌కార్డు సైజువి. గరుకు అట్టే వాడాలి, నున్నటి అట్ట మీద రబ్బరు స్టాంపు సిరా అలుక్కుపోతుంది. యాభైనాలుగింటి మీద ఒకే మనిషి బొమ్మ, ఆరింటి మీద చిన్న తేడా. వచ్చినవాళ్లకు తలా ఒక కార్డు. బొమ్మలోని మనిషి ఎలా ఉండాలో గోడ మీద ఎనిమిది వాక్యాల నిర్వచనం. అంతకంటే పొడవైతే వరుస కదలదు, మరీ కురచైతే ఎవరూ తప్పరు. తనిఖీకి మూడు బల్లలు కావాలి. రెండే వేస్తే అరవై మందికి ఇరవై నిమిషాల ఆట చాలదు. పక్కన ఫిర్యాదుల పెట్టె, చీటీలు. ఫిర్యాదు నిజమైతే ఒక టీ కూపన్.

మొదటి ఆటలో తేడా పైకే కనిపించేలా ఆరో వేలు గీశాం. ఆరుగురూ బల్లల దగ్గరే దొరికిపోయారు, పెట్టె దాదాపు ఖాళీ. రెండో ఆటలో బొమ్మలన్నీ ఒక్కటే, తేడాను మడత లోపల రాసి అంచు సన్నగా జిగురుతో అతికించాం. చీటీలు కుప్పపడ్డాయి, చాలావరకు ఏ తేడా లేని కార్డుల మీదే. నవలలోనూ ఇదే క్రమం. సోఫీ కాలి వేళ్లు కనబడతాయి కనుక ఆ కథ త్వరగా ముగుస్తుంది. మనసుతో మాట్లాడుకునే డేవిడ్ బృందం కంటికి కనబడదు కనుకే వాళ్ల చుట్టూ అనుమానం పెరుగుతుంది. మూడో ఆటలో తప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లు అందరి ముందూ నిలబడి క్షమాపణ చెప్పాలన్నాం. పెట్టె మళ్లీ ఖాళీ అయింది. తోక లేని పిల్లిని తీర్పు రాకముందే చంపి, అది సరైన జాతేనని తేలాక బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సివచ్చిన డేవిడ్ తండ్రి జోసెఫ్ స్ట్రార్మ్ అప్పుడు చాలామందికి గుర్తొచ్చాడు.

ఇది మళ్లీ నడిపేవాళ్లు ఒక నియమం తప్పక పాటించాలి: నిజమైన మనిషి చెయ్యి, కాలు ఎవరూ చూడకూడదు, తనిఖీ కార్డుకే. లేదంటే నిజంగా వేలు తక్కువున్న పిల్లవాడు వరుసలో నిలబడ్డాడంటే ఆట అక్కడితో ఆటగా మిగలదు. జిగురు కొన్నిచోట్ల చెమ్మకు ఊడింది, ముందురోజే అతికించి బరువు పెట్టి ఉంచండి.

తరువాతి చర్చలో కులం ప్రస్తావన రావడం సహజం. పోలిక తేలిగ్గా అతకదని కొందరు గట్టిగా వాదించారు. వాక్నక్‌లో తేడా ఒంటి మీద వెతుకుతారు, కులానికి ఒంటి మీద గుర్తే అక్కర్లేదు, ఇంటి పేరో వీధి పేరో అడిగితే చాలు. కుష్ఠు వ్యాధిని విడాకులకు కారణంగా మన చట్టాల నుంచి తీసేసింది 2019లోనేనని న్యాయవాది సభ్యురాలు ఒకరు గుర్తుచేశారు. విండమ్ నవల ముగింపులో డేవిడ్ బృందాన్ని కాపాడటానికి సీలాండ్ అనే దూరదేశం నుంచి వచ్చిన మహిళ, విమానం నుంచి జారే జిగురు దారాలతో అక్కడున్న మిగతావాళ్లందరినీ చంపి, తక్కువ జాతి తప్పుకోవలసిందేనని సమర్థించుకుంటుంది. విండమ్ ఆమె పక్షమా కాదా అన్నది తేలలేదు. తేల్చకపోవడం లోపమేనని నేనూ, కాదని అధ్యక్షులూ. వచ్చే ఏడు కూడా ఈ వాదన సాగేట్టుంది.

పనిచేసినవాళ్ల గురించి. కార్డులు కత్తిరించిన నలుగురు విద్యార్థినులకు, టీ పెట్టిన దంపతులకు, కుర్చీలు అద్దె లేకుండా ఇచ్చిన టెంట్ హౌస్ వారికి, స్టాంపులు చెక్కించిన కోశాధికారిగారికి కృతజ్ఞతలు. పేర్లిచ్చిన పద్దెనిమిది మంది వాలంటీర్లలో ఉదయం వచ్చింది ఏడుగురు. మిగిలినవాళ్లలో కొందరు మధ్యాహ్నం ఫోటోలకు వచ్చారు, సంతోషం. హాలు అనుమతి దరఖాస్తు ఒక కార్యాలయంలో మూడు బల్లలు తిరిగి, కార్యక్రమం ముందురోజు సాయంత్రం సంతకమైంది. సంతకం చేసిన అధికారి ‘తనిఖీ కేంద్రం’ అన్న పేరు చూసి ఇదేమైనా ప్రభుత్వ పథకమా అని అడిగారు.

జమాఖర్చులు క్లుప్తంగా. ప్రారంభ నిల్వ రూ. 11,240, సభ్యత్వం 78 మంది నుంచి రూ. 23,400, విరాళాలు రూ. 9,000, మొత్తం రూ. 43,640. ఖర్చులు: పుస్తకాలు 14,310, హాలు 8,500, ముద్రణ, కార్డులు, స్టాంపులు 6,780, టీ, ఫలహారాలు 5,460, ఇతరాలు 1,150, మొత్తం రూ. 36,200. ముగింపు నిల్వ రూ. 7,440. రసీదులు కోశాధికారిగారి దగ్గర ఉన్నాయి, చూడదలచినవారు చూడవచ్చు.

సభ ముందు రెండు అంశాలు. విండమ్ నవల ప్రతుల్లో మూడు ఇంకా తిరిగి రాలేదు. తీసుకున్నవారు ఈ నెలాఖరులోగా ఇవ్వాలి. కార్డుల పెట్టె, స్టాంపులు ఇప్పటిదాకా మా ఇంటి అటక మీద ఉన్నాయి, వానాకాలం లోపు వాటిని భద్రపరిచే సభ్యులు ఎవరో ఈ సమావేశంలోనే పేరు చెప్పాలని మనవి.

కార్యదర్శి