నేల మీది దుమ్ము, పిల్లల చేతులు

తల్లిదండ్రులకు నమస్కారం.

నర్సరీ గదుల్లోని పాత ఫోమ్ పరుపులన్నీ తీయించేశాం. బాగానే ఉన్నాయి కదా, మళ్లీ ఎందుకీ ఖర్చు అని కొందరు అడిగారు. అడగడం మంచిదే. వాటిలో ఒకదానికి కుట్టు ఊడిన చోట వేలితో నొక్కి చూశాను. లోపలి స్పాంజి పసుపుపచ్చ పొడిగా రాలింది. ఆ పొడి పడేది నేల మీద. మన చిన్నపిల్లలు కూర్చునేదీ, పెన్సిళ్లు దొర్లించేదీ అక్కడే.

ఫోమ్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది. అందుకని 1970ల నుంచి సోఫాల్లో, పరుపుల్లో, టీవీల, కంప్యూటర్ల ప్లాస్టిక్‌లో మంటను ఆలస్యం చేసే రసాయనాలు కలుపుతూ వచ్చారు. వీటిని ఫ్లేమ్ రిటార్డెంట్లు అంటారు. ఉద్దేశం మంచిదే. చిక్కు ఎక్కడంటే, వీటిలో చాలావాటికి ఆ ఫోమ్‌తో, ప్లాస్టిక్‌తో గట్టి బంధం ఏర్పడదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికొచ్చి ఇంట్లో దుమ్ములో చేరతాయి. దుమ్ము చేతికి, చెయ్యి నోటికి. పెద్దల కంటే పసిపిల్లల ఒంట్లోకి ఎక్కువగా చేరేది ఇలాగే. అమెరికాలో చిన్నపిల్లల చేతులు తుడిచి పరీక్షిస్తే, చేతుల మీద ఇవి ఎక్కువగా ఉన్న పిల్లల రక్తంలోనూ ఎక్కువే కనిపించాయి.

వీటిలో బాగా పరిశోధన జరిగినవి పీబీడీఈలు అనే బ్రోమిన్ రసాయనాలు. వీటి నిర్మాణం థైరాయిడ్ హార్మోనును పోలి ఉంటుంది. మెదడు ఎదిగే వయసులో ఆ హార్మోను చాలా ముఖ్యం. గర్భంలో ఉండగా ఇవి ఎక్కువగా సోకిన పిల్లల్లో ఐక్యూ కొంత తక్కువగా ఉన్నట్టు పలు అధ్యయనాల్లో తేలింది. స్వీడన్‌లో భద్రపరిచిన తల్లిపాల నమూనాలను చూస్తే, 1972 నుంచి 1997 వరకు వీటి మోతాదు సుమారు ఐదేళ్లకోసారి రెట్టింపైంది. వాడకం తగ్గాక పాలల్లోనూ తగ్గింది. (ఇది చదివి పాలిచ్చే తల్లులు టెన్షన్ పడొద్దు. బిడ్డకు తల్లిపాలే మేలని వైద్యులు ఇప్పటికీ చెబుతున్నారు.)

అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం కింద 2009లో కొన్ని పీబీడీఈలను, 2017లో డెకాబీడీఈ అనే మరో పీబీడీఈని తొలగించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చారు. కానీ చట్టం మారినంత మాత్రాన ఇంట్లో ఉన్న పాత సోఫా మారదు కదా. పైగా వాటికి బదులుగా వచ్చిన ఫాస్ఫరస్ రసాయనాలు కూడా దుమ్ములో దొరుకుతున్నాయి.

అయితే మన చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. న్యూయార్క్‌లో కొందరు తల్లులతో చేసిన ఒక అధ్యయనంలో, చేతులు తరచూ కడుక్కోవడం, ఇల్లు తడిగుడ్డతో శుభ్రం చేయడం వల్ల ఒక్క వారంలోనే ఈ ఫాస్ఫరస్ రసాయనాల్లో కొన్నింటి ఆనవాళ్లు మూత్రంలో బాగా తగ్గాయి. అందుకే ఇకనుంచి మన బడిలో పొడి చీపురుతో ఊడ్చి దుమ్ము రేపడం మానేసి తడిగుడ్డతోనే తుడిపిస్తాం. కంప్యూటర్ గదిలో మిషన్ల వెనక, గాలి బయటికొచ్చే జాలీల దగ్గర బూడిదరంగు దుమ్ము పేరుకుంటుంది. దాన్ని కూడా తుడిపిస్తాం, పిల్లలు లేని సమయంలో.

తినే ముందు ప్రతి పిల్లాడూ, ప్రతి పాపా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. శానిటైజర్ రాస్తే చాలదు. అది క్రిములను చంపుతుందేమో గానీ దుమ్మును వదిలించదు. ఇంట్లోనూ ఇదే అలవాటు చేయించండి. సోఫా కవరు చిరిగి ఫోమ్ బయటపడితే కుట్టించండి, లేదా కొత్త కవరు వేయించండి. లోపలి స్పాంజిని పిల్లలు గిల్లకుండా చూడండి. పాత ఫోమ్ ముక్కలను దిండ్లలో కూరి మళ్లీ వాడొద్దు. అలాగని దొరికినవన్నీ బయట పారేసి కొత్తవి కొనమని నేను చెప్పడం లేదు.

వచ్చే సోమవారం నుంచి పిల్లలందరి సంచుల్లో చేతులు తుడుచుకోవడానికి ఒక్కో చిన్న తువ్వాలు పెట్టి పంపండి. మూలన పేరు కుట్టించండి, మాసినప్పుడల్లా ఇంటికి పంపిస్తాం.

మీ,
ప్రధానోపాధ్యాయురాలు