ఊరు మనదైతే ఆ ఊళ్ళో చదివిన చదువూ మనదే

రాష్ట్ర గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కొఠియా గ్రామాల నుంచి విశాఖకు చదువు కోసం దిగే పిల్లలకు అడ్మిషన్, స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెట్టే పని మాది. ఆ ఫారాల్లో ఎక్కడ చిక్కు పడుతుందో, దేన్ని మీరు విప్పగలరో చెప్పడానికే ఈ లేఖ.

మన సాలూరు మండలానికీ ఒడిశాలోని కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకీ నడుమనున్న ఈ 21 ఊళ్ళు ఏ రాష్ట్రానివన్న తగవు 1968లో సుప్రీంకోర్టుకెక్కింది. 2006లో కోర్టు దాన్ని పార్లమెంటు తేల్చుకోవాల్సిన విషయమంది. ఆ తగవు తీర్చమని మేం అడగడం లేదు. అది తెగేదాకా పద్దెనిమిదేళ్ళ పిల్ల ఏ రాష్ట్రం మనిషినని రాయాలో చెప్పమంటున్నాం.

అన్నిటికన్నా పెద్దది లోకల్ సంగతి. కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళవి. ఇంటర్ మీద చేరే కోర్సుకు లోకల్ అనిపించుకోవాలంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు, వరసగా నాలుగేళ్ళు ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోని జిల్లాల్లో చదివుండాలి. ఒడిశా సర్కారు బడిలో పది పాసై ఇక్కడ ఇంటర్ చేసిన పిల్ల దగ్గర రెండేళ్ళ స్టడీ సర్టిఫికెట్లే ఉంటాయి. నాన్‌లోకల్ అంటారు. మిగిలిన 15 శాతంలోనైనా నిలబడాలంటే తనో, తల్లిదండ్రుల్లో ఒకరో పదేళ్ళు ఈ రాష్ట్రంలో ఉన్నట్టు నివాస పత్రం కావాలి. సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. వివాద గ్రామమని ఫైలు పక్కన పెడతారు.

2021 ఫిబ్రవరిలో ఈ ఊళ్ళలోనే మన రాష్ట్రం పంచాయతీ ఎన్నికలు జరిపింది. ఊరు మనదని ఓట్లు వేయించాం. మరి ఆ ఊళ్ళో బడి ఎవరు నడిపితేనేం, అక్కడ చదివిన ఏడాది మన లెక్కలోకి రావద్దా? అక్కడ హైస్కూలు అందక పొట్టంగి వైపు హాస్టల్లో ఉండి చదివిన పిల్లకు, ఇంట్లోవాళ్ళు ఆ 21 ఊళ్ళలో కాపురముంటే లోకల్‌గా లెక్కించడానికి చాలని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి.

రెండోది పేరు. ఒడియాలో వ, బ రెంటికీ రాసే అక్షరం ఒకటే. మన ఇంటిపేరు 'వంతల' అక్కడి మార్కుల మెమోలో 'బంతల' అయి కూర్చుంటుంది. పైగా మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్ళు చివర రాస్తారు. కంప్యూటరుకు వీళ్ళిద్దరూ వేరు మనుషులు. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మారుతుంది, పుట్టిన తేదీ ఒక్కసారే. సచివాలయంలో చెప్పారని ఒకసారి, కాలేజీలో చెప్పారని ఇంకోసారి మార్పిస్తే రెండు అవకాశాలూ అయిపోతాయి. అందుకే మేం ఎవరికైనా ముందు చెప్పే మాట: మెమోలో ఉన్న అక్షరాలకే ఆధార్‌ను సరిచేయించుకోండి. మెమో దిద్దించాలంటే కటక్‌లోని బోర్డుదాకా పోవాలి, అప్పటికి కౌన్సెలింగ్ దాటిపోతుంది. ఇలాంటి వ, బ తేడాకు తహశీల్దారు ఇచ్చే 'ఇద్దరూ ఒకరే' పత్రం చాలని కాలేజీలకు రాయించండి.

కులపత్రం ఇంకో ముడి. కొండకు అటూ ఇటూ ఒకే కువి భాష మాట్లాడుకునేవాళ్ళు ఇక్కడి జాబితాలో కోదులు, అక్కడి జాబితాలో కంధలు. ఎస్టీ హోదా సొంత రాష్ట్రానికే పరిమితమని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఒడిశా పత్రంతో మన రాష్ట్ర కోటా అడగలేం. కానీ తండ్రికి అక్కడిచ్చిన పత్రం చూసి, వలస వచ్చిన బిడ్డకు ఇక్కడి అధికారి పత్రం ఇవ్వొచ్చని కేంద్ర హోంశాఖ ఏనాడో చెప్పింది. ఆ పత్రం కేంద్ర కోటాకు, అంటే రైల్వే ఉద్యోగానికి, విజయనగరం దగ్గరి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో సీటుకు పనికొస్తుంది. ఈ తేడా కౌంటర్లో కూర్చున్నవారికి తెలియక అసలు కుదరదని పంపేస్తున్నారు. మాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

బస్సెక్కినా ఇదే తంటా. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే స్త్రీ శక్తి జీరో టికెట్‌కు ఆంధ్రా చిరునామా చూపాలి. ఒకే ఊరి ఇద్దరమ్మాయిల్లో ఒకరు ఉచితంగా వెళ్తారు, పొట్టంగి చిరునామా ఉన్న రెండో అమ్మాయి రోజూ చార్జీ కడుతుంది.

ఓటు విషయం ఇంకా ప్రమాదం. పద్దెనిమిది నిండగానే రెండు వైపులవాళ్ళూ కొత్త ఓటరుగా చేర్చే ఫారం 6 మీద సంతకం పెట్టమంటారు. ఇంకెక్కడా ఓటు లేదని అందులో ప్రకటన ఉంటుంది. రెండింటిమీదా పెడితే 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. ఈ సంగతి పిల్లలకు చెప్పేవాళ్ళెవరు? సంతకానికి ముందు వాళ్ళ భాషలో చదివి వినిపించమని బూత్ అధికారులను ఆదేశించేలా ఎన్నికల అధికారికి మీరు రాయండి.

సాలూరులో వారానికో రోజు రెవెన్యూ, విద్య, గిరిజన సంక్షేమ సిబ్బంది ఒకేచోట కూర్చునే కౌంటరు పెట్టించండి. ఒడియా, కువి వచ్చిన ఒకరు అందులో ఉండాలి. లోకల్, కులపత్రాల మీద సర్క్యులర్ కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌కు ముందే కాలేజీలకు చేరాలి. తర్వాత చేరితే ఆ ఏడాది సీటు పోయినట్టే.

ఇట్లు,
విశాఖపట్నంలో సరిహద్దు గ్రామాల విద్యార్థులకు తోడుండే వలంటీర్లు