కొనేముందు పర్మనెంట్ గడ్డం, కొన్నాక లైఫ్‌లాంగ్ మందు!

కస్టమర్ కేర్ వారికి,

మీ 5 శాతం మినాక్సిడిల్ (జుట్టు పెరగడానికి పైన రాసే మందు) గడ్డం కిట్ గురించి రాస్తున్నాను. చాట్‌లో ఎప్పుడు అడిగినా "మీ అభిప్రాయం మాకు ముఖ్యం" అని ఒక ముక్క పడేసి టికెట్ మూసేస్తున్నారు, అందుకే ఈ మెయిల్. దయచేసి ఈసారైనా ఎవరో ఒక మనిషి చదవండి.

మీ సైట్‌లో కిట్ ఫోటో కిందే లావు అక్షరాల్లో "ఒక్కసారి పెరిగిన గడ్డం శాశ్వతం, మానేసినా రాలదు" అని ఉంది. అది చూసే కొన్నాను. ఏడాదికి పైగా పొద్దున, రాత్రి డ్రాపర్‌తో కొలిచి మరీ రాశాను. గడ్డం రాలేదని అబద్ధం చెప్పను. దవడ వెంబడి నల్లగా, గరుగ్గా బాగానే వచ్చింది. చెంపల మీద మాత్రం నూగు కంటే కాస్త ముదిరిన సన్న వెంట్రుకలే, ఎండలో చూస్తే గోధుమరంగు. ఈలోపు చర్మం పొట్టు రేగి మంట మొదలైంది (అందులో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ చాలామందికి పడదట), ఎలాగూ శాశ్వతమని మీరే అన్నారు కదా అని మానేశాను. కొన్ని నెలలకే కుడి చెంప మీద రూపాయి బిళ్లంత ఖాళీ! నాకంటే ముందు సెలూన్‌లో అన్న చూశాడు, దువ్వెన ఆపి "ఏంది తమ్ముడూ, ఈడ పల్చబడ్డది, పేనుకొరుకుడా?" అన్నాడు.

టెన్షన్ పడి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే పేనుకొరుకుడు కాదన్నారు. ఆమె రెండు నిమిషాల్లో చెప్పిన సంగతి మీ సైట్ మొత్తం వెతికినా లేదు. బట్టతలకి ఈ మందు వాడి ఆపేస్తే మూడు నాలుగు నెలల్లో వచ్చిన జుట్టు పోతుంది, ఎందుకంటే అక్కడ కుదుళ్లను పాడుచేసేది డీహెచ్‌టీ అనే హార్మోన్. గడ్డం దగ్గర కథ తిరగబడుతుంది, అదే హార్మోన్ గడ్డాన్ని పెంచుతుంది. అందుకే లావుగా, నల్లగా పూర్తిగా ముదిరిన వెంట్రుకలు మందు ఆపినా నిలబడే అవకాశం ఎక్కువ, అదీ గ్యారంటీ ఏమీ కాదు. మందు ఊతంతో బతికే సన్నవి మాత్రం రాలిపోతాయి. నా మొహం మీద సరిగ్గా ఇదే జరిగింది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే చెంపలు ముదిరేదాకా ఆగాలో, మంట తట్టుకోలేక వేరే దారి చూసుకోవాలో డాక్టర్‌ని అడిగి తేల్చుకునేవాణ్ణి.

పైగా ఆ "శాశ్వతం" పక్కనే 2016 నాటి థాయిలాండ్ పరిశోధనను చూపిస్తారు. అందులో వాడింది 3 శాతం లోషన్, 48 మంది మగవాళ్ల మీద, 16 వారాలు. మీరు అమ్మేది 5 శాతం. పదహారు వారాలు వాడి చూసిన పరిశోధనతో జీవితకాలం మాట ఎలా చెప్తారండీ?

ఇంకో వింత. పెట్టె మీద గుబురు గడ్డం బొమ్మ, లోపల మడతలు పెట్టిన కాగితంలో భూతద్దం పెడితే గానీ కనపడని అక్షరాల్లో "తలకు మాత్రమే". ఆపితే పెరిగిన జుట్టు పోవచ్చని కూడా అందులోనే ఉంది! ఇది మొదట బీపీ మాత్రగా వచ్చిన మందని, గుండె దడ అనిపిస్తే ఆపేయాలని, పిల్లులకు ప్రాణం మీదికి తెస్తుందని సైట్‌లో ఒక్క లైన్ లేదు. మా ఇంట్లో పిల్లి ఉంది, అది నా దిండు మీదే పడుకుంటుంది.

చివరికి మీ కాల్ సెంటర్ అమ్మాయి ఏమన్నారో తెలుసా? "లైఫ్‌లాంగ్ వాడాలి సార్, ఆపితే పోతుంది, ఆరు నెలల ప్యాక్ మీద ఆఫర్ ఉంది." ఆమెను ఏమీ అనను, మీరు రాసిచ్చింది చదివారు. కానీ రెండిట్లో ఒకటి అబద్ధం కదా. సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసిన తర్వాత కూడా యూపీఐ ఆటోపేలో డబ్బులు కట్ అయ్యాయి, ఆ స్క్రీన్‌షాట్ జత చేశాను.

ఆ కట్ అయిన డబ్బు, సీలు తీయని చివరి ప్యాక్ డబ్బు వెనక్కి వేయండి. సైట్‌లో "శాశ్వతం" తీసేసి ఏది నిలుస్తుందో, ఏది రాలుతుందో తెలుగులో కూడా రాయండి. వారంలో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అని ఫిర్యాదు పెడతాను. డబ్బు నేను కట్టిన ఖాతాలోకే రావాలి, కూపన్ పంపితే తీసుకోను.

ఇట్లు,
మీ పాత కస్టమర్, హైదరాబాద్