తాగుబోతు పాత్రలో కవి కూడా కనబడాలి

సంపాదకులకు నమస్కారం.

ఎంతో ప్రతిభ ఉండీ చేజేతులా బతుకు పాడుచేసుకున్న కవి చివరి రోజులను నాటకంగా వేయబోయే బృందాలకు మీ పత్రిక ద్వారా కొన్ని మాటలు చెప్పదలిచాం. ఈ తరహా నాటకాలు చాలావరకు సీసాతో మొదలై శవంతో ముగుస్తాయి. ఆ మనిషి కవి అన్న సంగతి పక్క పాత్రలు చెబితే తప్ప ప్రేక్షకులకు తెలియదు.

డిలన్ థామస్ సంగతే తీసుకోండి. ఈ వేల్స్ కవి 1953 నవంబరు 9న న్యూయార్క్ ఆసుపత్రిలో 39 ఏళ్లకే కన్నుమూశాడు. వరసపెట్టి 18 విస్కీలు తాగానని ఆయన చెప్పుకున్న గొప్ప ఒక్కటే జనం నోట మిగిలింది. తర్వాత ఆరా తీసినవాళ్లు ఆ లెక్కను నమ్మలేదు. శవపరీక్షలో న్యుమోనియా, మెదడు వాపు, కొవ్వు పట్టిన కాలేయం బయటపడ్డాయి. స్పృహ తప్పే ముందు డాక్టరు ఇచ్చిన మార్ఫిన్ ఊపిరిని ఇంకా కుంగదీసిందని ఆయన జీవితాన్ని పరిశోధించిన పలువురి అభిప్రాయం. తాగుడు ఆయన్ను గుల్ల చేసిన మాట నిజమే. అయినా ఆఖరి రంగంలో గ్లాసులు బారులు తీర్చి పెడితే, ఊపిరాడక అవస్థపడే రోగిని నటించే అవకాశం చేజారిపోతుంది.

ఆ చివరి ఏళ్లలోనే ఆయన చేసిన పనీ ఉంది. 1952లో తన కవితల సంపుటికి ముందుమాటగా 102 పాదాల కవిత రాశాడు. అందులో మొదటి పాదానికి చివరి పాదంతో ప్రాస కుదురుతుంది, రెండో దానికి చివరి నుంచి రెండో దానితో. ఇలా వచ్చి వచ్చి నడుమ 51, 52 పాదాల దగ్గర కలుస్తాయి. మరుసటి ఏడాది మే 14న న్యూయార్క్‌లో తన శ్రవ్య నాటకాన్ని ఐదుగురు నటులతో కలిసి వేదిక మీద చదివాడు. ఆఖరి పంక్తులు వాళ్ల చేతికి అందింది ప్రదర్శన వేళకే. ఒక్క మాట మార్చినా కవితంతా మళ్లీ మొదటి నుంచి రాసుకునే అలవాటు ఆయనది. దీన్నే రంగస్థలం మీదికి తేవచ్చు. నటుడు ఒక పాదం రాసి, పైకి చదివి, ఒక్క పదం కొట్టేసి, కొత్త కాగితం తీసుకుని మళ్లీ మొదటి పాదం నుంచి మొదలుపెట్టాలి. నేపథ్య సంగీతం వద్దు, కలం గీత వినిపిస్తే చాలు. నాలుగు నిమిషాలు ఓపిక పడితే ఏం నాశనం కాబోతోందో ప్రేక్షకుడికి అర్థమవుతుంది.

ఇక మత్తు అభినయం. తూలడం, నాలుక మడతపడడం మాత్రమే అయితే అది ప్రహసనం. తాగినవాడు తాగలేదని నమ్మించడానికి నానా పాట్లు పడతాడు. పాదాలు కాస్త ఎడంగా పెడతాడు, కుర్చీ వీపు పట్టుకుని గానీ కూర్చోడు. ఒత్తక్షరాల ముందు ఆగి, లెక్కపెట్టినట్టు పలుకుతాడు. అలవాటైన ఒంటికి మూడు గ్లాసులు పడినా పైకి తేడా తెలియదు. చేతుల వణుకును చాలామంది తాగేటప్పుడు చూపిస్తారు, అది తప్పు. చివరి చుక్క పడిన ఆరేడు గంటలకు, అంటే సాధారణంగా తెల్లవారాక, వణుకు మొదలవుతుంది. అప్పుడు గ్లాసును రెండు చేతులా పట్టుకుని, నోటినే దాని దగ్గరికి వంచుతాడు. రెండు గుక్కలు పడ్డ కాసేపటికి చేతులు కుదురుకుంటాయి. లేనివి కనబడి కేకలు పెట్టే సన్నిపాతం సాధారణంగా తాగుడు మానిన రెండు మూడు రోజులకు వస్తుంది. రాత్రంతా తాగుతూనే ఉన్నవాడికి అది పెట్టకండి.

గ్లాసులో కూల్‌డ్రింక్ పోస్తే డైలాగు మధ్యలో తేన్పు వస్తుంది. చిక్కటి టీ డికాక్షన్ గొంతు ఆరిపోయేలా చేస్తుంది. మాడ్చిన పంచదార పాకం నాలుగైదు చుక్కలు నీళ్లలో కలిపితే రంగు సరిపోతుంది, గొంతుకు ఇబ్బంది లేదు. గ్లాసుకు 30 మిల్లీలీటర్ల చొప్పున పన్నెండు గ్లాసులంటే 360 మిల్లీలీటర్లు. విరామం లేని నాటకంలో అది నటుడికి నరకం. ఏ రంగంలో ఎన్ని గుక్కలో స్క్రిప్టు అంచున రాసి పెట్టుకోవాలి. విసిరే సీసా తెర పక్కన గుడ్డలు నింపిన పెట్టెలో పడాలి, పగిలిన చప్పుడు లోపలి నుంచి రావాలి. అసలు గాజును వేదిక మీద పగలగొట్టకండి, తర్వాతి రంగంలో ఎవరో ఒకరు ఉత్త కాళ్లతో వస్తారు.

కవిత చదివే ఘట్టంలో మాత్రం మత్తును పూర్తిగా పక్కన పెట్టాలి. థామస్ గొంతు రికార్డింగులు దొరుకుతున్నాయి, నటుడి చేత వినిపించండి. ఒక్క అక్షరం జారదు. అంతకుముందు కుర్చీ వెతుక్కున్న మనిషే కాగితం చేతిలోకి రాగానే నిటారుగా నిలబడి స్పష్టంగా చదవగలగాలి. రిహార్సల్‌లో ఈ మార్పు మీదే ఎక్కువ రోజులు పెట్టండి.

ఇట్లు,
నాటక ప్రయోక్తలు కొందరు