మధ్యాహ్నం పూట గ్రంథాలయం తెరవరూ!

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో ఏడీహెచ్‌డీ మీద, అంటే ధ్యాస నిలవక, కుదురు లేక ఇబ్బంది పడే సమస్య మీద వ్యాసం వేశారు. వ్యాసం బాగుంది. బొమ్మలో మాత్రం బల్లెక్కి గెంతుతున్న మగపిల్లాడు, రాసిందంతా పిల్లల సంగతి. నాకు 47 ఏళ్లు. నాకూ అదే ఉందని పోయినేడు తేల్చారు. మా వయసు ఆడవాళ్ల మాట కూడా ఒకటి వేస్తారని రాస్తున్నాను.

తేలిన తీరు చెబితే నవ్వుతారు. మా రెండోవాడిని ఎవరికైనా చూపించమని బడిలో అంటే రాజమండ్రి తీసుకెళ్లాం. డాక్టరమ్మ అడుగుతున్నారు: చెప్పేది పూర్తిగా వినకుండానే లేచిపోతాడా, పెట్టిన వస్తువు ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడా, మొదలెట్టిన పని సగంలో వదిలేస్తాడా అని. పక్కనే ఉన్న మా అత్తగారు "వాడి సంగతేమో గానీ, ఇవన్నీ మా కోడలికున్నాయండీ" అన్నారు. అందరం నవ్వాం, డాక్టరమ్మ తప్ప. నన్ను విడిగా ఒకసారి రమ్మన్నారు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించారు. చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులుంటే తెమ్మన్నారు. పన్నెండేళ్లు నిండకముందే ఆ లక్షణాలు కనబడి ఉండాలట. నరసాపురం పక్క మా పుట్టింట్లో అమ్మ ట్రంకుపెట్టె అడుగున ఐదో తరగతి కార్డు దొరికింది. "తెలివి ఉన్నది, ధ్యాస లేదు" అని మాస్టారి చేతిరాత. పెళ్లయ్యాక కూడా ఇదే మాట విన్నాను, అనేవాళ్లే మారారు.

ఆడపిల్లల్లో చాలామందికి ఇది గెంతులుగా కాక పరధ్యానంగా ఉంటుందట. కిటికీలోంచి కాలవకేసి చూస్తూ కూర్చునే పిల్ల వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఇక నెలసరి ఆగిపోయే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గుతూ వస్తుంటే మతిమరుపు, చిరాకు ఇంకా పెరగొచ్చని డాక్టరమ్మ చెప్పారు. రెండేళ్లుగా వారానికోసారి పాలు ఎందుకు మాడుతున్నాయో అప్పుడర్థమైంది.

నాకున్నది ఒకటే కోరిక, డిగ్రీ. పెళ్లినాటికి మొదటి ఏడాది చదువుతున్నాను, అక్కడితో సరి. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక ఇంటి దగ్గరే చదువుకునే దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో బీఏకి కట్టాను. మూడేళ్ల చదువు, ఆరేళ్ల గడువు. నాకిది ఐదో ఏడు. చదవలేక కాదు. చరిత్ర అసైన్‌మెంటు రాత్రి రెండింటి దాకా కూర్చుని రాశాను. పిల్లలు పాడుచేస్తారని భద్రంగా దాచాను. ఎంత భద్రంగా అంటే, గడువు దాటిన నెలకి మినపప్పు డబ్బా కింద దొరికింది.

ఇంకోసారి పరీక్షకని సఖినేటిపల్లి రేవుకొచ్చి గోదావరి దాటించే పంటు ఎక్కాను. అవతలి ఒడ్డు నరసాపురం. సంచిలో పెన్నులు మూడు, నీళ్ల సీసా, అమ్మ కోసం జంతికలు, అన్నీ ఉన్నాయి. హాల్‌టికెట్ లేదు. దిగిపోయి ఫోన్ చేస్తే మా ఆయన లుంగీ మీదే బండేసుకొచ్చారు. పొయ్యి గట్టు మీద ఉందట, దాని మీద పసుపు మరక. "పంటు కూడా నీకోసం ఆగాలేంటే?" అని అందరి ముందూ అరిచారు. అది ఆగలేదు లెండి. తర్వాతి పంటులో వెళ్లి అరగంట ఆలస్యంగా పరీక్ష రాశాను, పాసయ్యాను కూడా.

ఇలాంటివాళ్లకి పరీక్షలో అదనపు సమయం ఇస్తారేమోనని వాకబు చేశాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బందులున్నాయి గానీ దీని పేరు లేదు. నిజానికి అదనపు అరగంట ఇచ్చినా నేను కిటికీకేసే చూస్తాను! మందు ఇచ్చారు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు, మా ఊరి షాపులో దొరకదు, అందుకే నెలకోసారి రాజమండ్రి. వేసుకుంటే రేడియోలో గరగర తగ్గినట్టుంటుంది. స్టేషన్ మాత్రం నేనే పెట్టుకోవాలి.

ఆ స్టేషన్ దగ్గరే నా బాధంతా. మీ మహిళల పేజీలో తరచూ వస్తుంటుంది, పొద్దున్నే ఐదింటికి లేవండి, టైంటేబుల్ రాసి గోడకి అంటించండి అని. మా గోడకి నాలుగున్నాయి. ఒకదాని మీద ఇంకోటి.

అమ్మ లేసు అల్లేది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మీ పేపర్లోనే చదివాను. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, వారం తిరగ్గానే వచ్చి అల్లిన ముక్కలు లెక్కపెట్టుకునేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆరేడుగురు ఆడవాళ్లు మా అరుగు మీద చేరేవాళ్లు. పదేళ్లదాన్ని, నేనూ సూది పట్టుకునేదాన్ని. మాట్లాడేవాళ్లు మాట్లాడేవాళ్లు, కునికేవాళ్లు కునికేవాళ్లు, చేతులు మాత్రం ఆడుతుండేవి. బళ్లో ఒక్క ఎక్కం బుర్రకెక్కని నేను ఆ అరుగు మీద పళ్లెమంత లేసు పువ్వు ఒక్క కన్ను తప్పకుండా పూర్తిచేసేదాన్ని. అదే ముక్క ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని అల్లమంటే దారం చిక్కుపడేది.

పక్కన ఇంకో మనిషి తన పని తాను చేసుకుంటూ కూర్చుంటే ఇలాంటివాళ్లకి పని సాగుతుందని డాక్టరమ్మ అంటే ఆ అరుగే గుర్తొచ్చింది. ఈ వేసవిలో మా తోడికోడలు చింతపండు గింజలు తీస్తుంటే ఎదురుగా పుస్తకం పట్టుక్కూర్చున్నాను. అక్క మాట్లాడదు, నా పుస్తకంకేసి చూడదు. మూడు వారాల్లో రెండు పేపర్ల పాఠాలు అయిపోయాయి. చింతపండూ అయిపోయింది, అదే చిక్కు. ఇప్పుడు ఆవిడకి ఏం పని చెప్పను?

అందుకే ఈ ఉత్తరం. మా ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంది. ఫ్యాను, బల్ల, కుర్చీలు అన్నీ ఉన్నాయి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు. ఆ రెండు వేళలూ మాకు పొయ్యి దగ్గరే. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా, మాకు తీరికుండే ఆ కాస్త సమయంలో, తాళం వేసి ఉంటుంది. పెద్దలెవరైనా ఆలోచించి మధ్యాహ్నం కూడా తెరిపిస్తే చదువుకునేవాళ్లు చదువుకుంటాం, లేసు అల్లేవాళ్లు అల్లుకుంటారు. పుస్తకాలు కొత్తవి కొనకపోయినా ఫరవాలేదు.

ఎవరినడగాలో తెలియని ఆడవాళ్లుంటే మానసిక ఆరోగ్యం గురించి సలహా చెప్పే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 నుంచి ఉంది, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

డిసెంబరుకి రెండు పేపర్లున్నాయి. ఈ ఉత్తరం మొదలెట్టి పదకొండు రోజులైంది. ఇప్పుడు మా తోడికోడలు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది, కవరు తన చేతికిస్తేగానీ కదలనంటోంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సఖినేటిపల్లి మండలం, కోనసీమ