చెవి అచ్చు తీయించుకునే ముందు

చిన్నమ్మా,

డాలస్‌లో ఇండోర్ షూటింగ్ రేంజ్‌కి నెలకు రెండుసార్లు వెళ్తున్నాననీ, 9 ఎంఎం పిస్టల్ కాలుస్తున్నాననీ రాశావు. చెవికి కొలిచి చేసే ప్లగ్‌లు చేయించుకోనా అని అడిగావు. చేయించుకో. కాకపోతే నువ్వు డబ్బు పెట్టేది ప్లగ్‌కి కాదు, దానికోసం చెవి లోపలి ఆకారాన్ని పట్టే అచ్చుకి. అచ్చు తేడాగా వచ్చిందంటే ఎంత మంచి ల్యాబ్ చేసినా అది ఖరీదైన రబ్బరు ముక్కే.

ముందు మోత సంగతి. పేలుడు శబ్దం 140 డెసిబెల్స్ దాటకూడదని అక్కడి కార్మిక భద్రతా సంస్థలు నియోష్, ఓషా గీత గీశాయి. 9 ఎంఎం పిస్టల్ మోత 160 దాకా పోతుంది. పైగా గోడల మధ్య ప్రతిధ్వని. పక్క లేన్‌లో ఎవరైనా రైఫిల్‌ మూతికి మజిల్ బ్రేక్ (పేలుడు వాయువును పక్కలకి మళ్ళించే తొడుగు) బిగించుకుని వచ్చారా, ఆ మోత పక్కకి మళ్ళి నీ మీదకే వస్తుంది. దూది, ఫోన్ ఇయర్‌బడ్స్ లాంటివి వీటి ముందు లెక్కలోకి రావు. చెవి లోపల శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. దెబ్బ ముందు 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల తగులుతుంది. మాట వినిపిస్తూనే ఉంటుంది, స, ష లాంటి హల్లులు మాత్రం జారిపోతుంటాయి. అందుకే చాలామందికి చాలాకాలం తెలియదు.

ఇక అచ్చు. ఆడియాలజిస్ట్, అంటే వినికిడి నిపుణులు, ముందు ఆటోస్కోప్‌తో లోపల చూడాలి. గులిమి ఉంటే తీయించాకే అచ్చు. నువ్వు బడ్స్‌తో పొడిచి దాన్ని లోపలికి నెట్టకు. కర్ణభేరికి చిల్లు, చెవి ఆపరేషన్ లాంటివి ఎప్పుడైనా ఉంటే ముందే చెప్పాలి. తర్వాత దారం కట్టిన చిన్న స్పాంజి అడ్డును చెవి కాలువ రెండో మలుపు దాటించి పెడతారు. సిలికాన్ కర్ణభేరిని తాకకుండా ఆపేది అదే. అది పైపైన పెడితే అచ్చు పొట్టిదవుతుంది, ప్లగ్ మలుపు దాకా చేరదు, మోత పక్కల నుంచి దూరుతుంది. సిలికాన్ గట్టిపడటానికి ఐదు నిమిషాల దాకా పడుతుంది.

ఆ ఐదు నిమిషాలూ నోరు తెరిచి ఉంచే దిమ్మెను పళ్ళ మధ్య పెట్టమని నువ్వే అడుగు. దవడ కదిలితే చెవి కాలువ ఆకారం మారుతుంది. నోరు మూసి తీసిన అచ్చుతో చేసిన ప్లగ్ నువ్వు మాట్లాడగానే వదులవుతుంది. రేపు క్లే టార్గెట్‌కి (గాల్లోకి విసిరే మట్టి బిళ్ళకి) షాట్‌గన్ పట్టుకుని చెంప ఆనించినా అంతే. బయటికి తీశాక అచ్చును నీ కళ్ళతో చూడు. గాలి బుడగలు, మడతలు, ఖాళీలు ఉంటే మొహమాటపడకుండా మళ్ళీ తీయమను.

గట్టి అక్రిలిక్ వద్దు, మెత్తటి సిలికాన్ తీసుకో. దవడతోపాటు కాస్త వంగుతుంది. ఫిల్టర్ ఉన్న రకాలు మాటలు విననిస్తాయి, పేలుడు మోతను మాత్రం అణుస్తాయి. బయటి రేంజ్‌లకి అవి బాగానే ఉంటాయి. ఇండోర్‌కి మాత్రం రంధ్రం లేని నిండు ప్లగ్, దాని మీద చెవిని పూర్తిగా కప్పే ఇయర్ మఫ్. రేంజ్ ఆఫీసర్ మాట వినపడాలంటే ఆ మఫ్ ఎలక్ట్రానిక్‌ది కొనుక్కో. కళ్ళద్దాల కాడ మఫ్ కింద సందు చేస్తుంది కాబట్టి సన్నటి కాడలున్న అద్దాలు వాడు.

ప్యాకెట్ మీది ఎన్ఆర్ఆర్ అంకెను, అంటే మోత ఎన్ని డెసిబెల్స్ తగ్గుతుందో చెప్పేదాన్ని, మోతలోంచి నేరుగా తీసేయకు. అది ల్యాబ్‌లో, ఆగకుండా సాగే శబ్దంతో తేల్చిన అంకె. ప్లగ్‌కి 28, మఫ్‌కి 25 ఉంటే 53 వస్తుందనుకోకు. పెద్ద అంకెకి ఓ ఐదు కలుపుకో, అంతే. పుర్రె ఎముక గుండా చేరే మోతను ఏ ప్లగ్గూ ఆపలేదు.

ప్లగ్‌లు చేతికొచ్చాక ఎరుపు కుడి చెవికి, నీలం ఎడమకి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, ప్లగ్‌ని తిప్పుతూ దించు. నీ గొంతు రెండు చెవుల్లోనూ ఒకేలా బోలుగా మోగాలి. అరచేతులు దోసిలిలా చెవులకి మూసి తెరువు. మూసినప్పుడు చుట్టూ చప్పుడు బాగా తగ్గిందంటే ప్లగ్ పక్కల నుంచి మోత దూరుతున్నట్టే. నోరు తెరిచి, నమిలినట్టు చేసి మళ్ళీ చూడు. ఆడియాలజిస్ట్ దగ్గర ఫిట్ టెస్ట్ చేసే యంత్రం ఉంటే అదీ చేయించు. లోపం ఉంటే ఉచితంగా మళ్ళీ చేసిచ్చే గడువు ఎన్ని రోజులో డబ్బు కట్టేముందే అడుగు.

రేంజ్‌లో చేతులకి సీసం ధూళి అంటుతుంది. మధ్యలో ప్లగ్ తీసి పెట్టుకోవాల్సివస్తే చేతులు కడుక్కో. ఇంటికొచ్చి ప్లగ్‌లను సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టు, స్పిరిట్ వద్దు. బరువు బాగా పెరిగినా తగ్గినా, మూడు నాలుగేళ్ళు గడిచినా మళ్ళీ అచ్చు తీయించాలి.

అచ్చుకి వెళ్ళిన రోజే వినికిడి పరీక్ష చేయించుకుని ఆ ఆడియోగ్రామ్ కాగితం ఫోటో నాకు పంపు. అప్పటిదాకా ఫోమ్ ప్లగ్ మీద మఫ్ పెట్టుకునే వెళ్ళు.

నాన్న